గాలి పడిపోయిన తరువాత

శ్రావ్యకు బడిలో ఉరుముల వానల గురించి పాఠం చెప్పారట. సాయంత్రం వంటింటి బల్ల దగ్గర నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, పక్కన కూర్చుని బొమ్మ వేసి చూపించింది. పాత కాగితానికి రెండోవైపు ఖాళీగా ఉంది కదే అంటే వినకుండా కొత్తది తీసింది. చదువు కోసం కదా అని ఊరుకున్నాను. మబ్బు అడుగు నుంచి చల్లగాలి ఎలా కిందికి దూకుతుందో, నేలకు తగిలి ఎలా ముందుకు పరిగెత్తుతుందో బాణం గుర్తులు పెట్టి చెప్పింది. పదహారేళ్ల పిల్ల. ఆరేళ్ల వయసులో జర్మనీకి, ఈ లైప్‌జిగ్‌కు వచ్చింది, తెలుగు మాట్లాడితే మధ్యలో రెండు భాషలు దొర్లుతాయి.

"దానికి ముందు విండ్ మొత్తం స్టాప్ అయిపోతుంది అమ్మమ్మా. లీఫ్ కూడా కదలదు. అప్పుడే ఇంట్లోకి వెళ్లిపోవాలి. టైమ్ ఉంటుంది, టెన్ మినిట్స్, ఫిఫ్టీన్ కూడా."

పొయ్యి దగ్గరున్న కుమారి వెనక్కి తిరగకుండానే అంది. "అన్నిసార్లూ ఉండదులేవే. మా అమ్మ పోయినప్పుడు టైమ్ ఎక్కడిది?"

"దోఖ్!" అంది, ఎందుకుండదు అని జర్మన్‌లో. "ఉంటుంది మమ్మీ, ఇట్స్ సైన్స్."

"ఏం సైన్సో. అమ్మమ్మ కళ్లారా చూసింది. అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. కదమ్మా?"

"ఊ" అన్నాను. ఇంకో చిక్కుడుకాయ అందుకున్నాను.

కుమారి నా కడుపున పుట్టలేదు. మా అక్క కోటమ్మ కూతురు. పది నెలల పిల్లగా నా చేతికి వచ్చింది. వాళ్ల నాన్న చేపల పడవ మీద పోయేవాడు, ఏడాది తిరక్కుండా వేరే పెళ్లి చేసుకుని వేరే రేవుకు వెళ్లిపోయాడు. నేను పెళ్లి చేసుకుని వెళ్లినప్పుడు ఈ పిల్లను చంకన వేసుకునే వెళ్లాను. నాకు వేరే పిల్లలు లేరు. కన్నతల్లి ఎవరో దాచలేదు. పిడుగు పడి పోయిందని బుద్ధి తెలిసినప్పుడే చెప్పాను. అప్పుడు ఉప్పు మడుల మీద వానకు కావలి ఉన్నది నేనేనని కూడా చెప్పాను. ఒక్కటే చెప్పలేదు. మూడు నెలల వీసా మీద కూతురింటికి వచ్చి, పెట్టింది తింటూ, ఉతికిన బట్టలు మడతలు పెట్టుకుంటూ హాయిగా కాలం గడుపుతున్న నన్ను, ఆ చెప్పని మాట చిక్కుడుకాయల దగ్గర పట్టుకుంది.

మాది చీరాల కింద, సముద్రానికి దగ్గర. మా నాన్న ఉప్పు కొటారులో పనివాడు. కొటారు అంటే కనుచూపు మేర నేలను చదునుగా తొక్కి, గట్లు కట్టి చేసిన ఉప్పు మడులు. పాయ నుంచి ఉప్పునీళ్లు తోడి మడుల్లో పెడితే, ఎండకు నీళ్లు చిక్కబడి, అడుగున ఉప్పు పేరుతుంది. దాన్ని చెక్క పలకలతో లాగి గట్టు మీద కుప్పలు పోస్తారు. ఇంట్లో అందరం ఆ పనిలోనే. తెల్లవారక ముందే అమ్మ ఆముదం వెచ్చబెట్టేది. ఉప్పునీళ్లలో దిగే కాళ్లకు ఆముదం రాయకపోతే మడమలు పగిలి నెత్తురు కారతాయి. ముందు నాన్న, తర్వాత అక్క, ఆ తర్వాత అమ్మ, వరసగా గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని రుద్దుకునేవాళ్లు. నా కాళ్లకు ఒక్క చుక్క. "నువ్వు నీళ్లల్లో దిగవుగా, నీకెందుకు" అనేది అమ్మ. ఆ చుక్కనే నేను రెండు పాదాలకూ సరిపెట్టేదాన్ని. ఇప్పటికీ ఏ నూనె అయినా అరచేతిలో పోసుకుంటే ముందు అందులో సగం వెనక్కి సీసాలో పోస్తాను. కుమారి నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ.

మధ్యాహ్నం చద్దన్నం, ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు మెత్తళ్లు. కొటారులో తినే అన్నంలో ఎవరూ ఉప్పు వేసుకునేవాళ్లు కారు. చేతులు కడుక్కోకుండా కలిపితే చాలు, సరిపోయేది. నాన్న ఏ మడి దగ్గరైనా వంగి, నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంకా రెండు రోజులు" అనేవాడు. రెండు రోజులకు ఉప్పు పూసేది. ఆయన మాట తప్పడం నేను చూడలేదు. మాట్లాడేది తక్కువ. ఆయనకు కోపం వచ్చిందని, తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకోవడం చూసి తెలుసుకునేవాళ్లం.

నన్ను మూడో తరగతిలో బడి మాన్పించారు. పంతులు ఇంటికొచ్చి, పిల్ల చదువుకుంటుంది, మాన్పించొద్దన్నాడు. నాన్న ఆయనకు మజ్జిగ ఇప్పించి, "మబ్బును చదవటం నేర్పిస్తాలెండి" అన్నాడు. మడుల మధ్య మట్టి దిబ్బ మీద తాటాకు పాక ఉండేది. అందులో కూర్చుని ఆకాశాన్ని చూడటం నా పని. పాక ముందు ఒక కర్ర, కర్రకు అమ్మ పాత చీర పేలిక. దూలానికి వేలాడే నూనె డబ్బా, దాన్ని కొట్టే పుల్ల. వాన వస్తుందనిపిస్తే డబ్బా మోగించాలి. మోగగానే అందరూ పలకలు పడేసి, తాటాకు తడికలు మోసుకెళ్లి ఉప్పు కుప్పల మీద కప్పి, గాలికి లేవకుండా మట్టిపెళ్లలు పెట్టి, అప్పుడు పెంకుల కొట్టులోకి పోయేవాళ్లు. ముందు ఉప్పు, తర్వాత మనిషి. అది ఎవరూ నోటితో చెప్పలేదు. అందరికీ తెలుసు.

నాన్న నాకు మూడు గుర్తులు నేర్పాడు. ఒకటి, సముద్రం గాలి పడిపోయి పేలిక కర్రకు అంటుకోవాలి. రెండు, మడుల్లో కొంగలు లేచి తాడితోపులోకి పోవాలి. మూడు, మబ్బు కిందనుంచి చల్లగాలి వచ్చి మొహాన కొట్టాలి. "రెండు చూస్తే కొట్టు. మూడోది వచ్చిందాకా ఆగేదానికి నువ్వెందుకే? అది వస్తే ఊరందరికీ తెలుసుద్ది" అన్నాడు. బడిలో దిద్దిన అక్షరాలు మర్చిపోయాను, నాకు నిలిచిన చదువు అదే. రాయడం కుమారి ఒకటో తరగతి పలక మీద దిద్దుతుంటే, పక్కన కూర్చుని మళ్లీ నేర్చుకున్నాను.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. పురిటికని పుట్టింటికి వచ్చి, బావ పడవ మీద ఉన్నన్నాళ్లు మా ఇంట్లోనే ఉండేది. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక పిల్లను నా పాకలో చీర ఉయ్యాలలో వేసి, చివరి మడికి పోయేది. పిల్ల ఏడిస్తే నేను చెయ్యి ఊపేదాన్ని. అక్క గట్ల మీద పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చి, పిల్లను ఒళ్లో వేసుకుని పాలిచ్చేది. ఆమె దగ్గర పాల వాసన, ఆముదం వాసన, ఉప్పునీళ్ల వాసన కలిసి వచ్చేవి. పాలిస్తూనే కొటారులో అందరి నడకలూ నడిచి, అందరి గొంతులూ పలికి చూపించేది. మేస్త్రీ దగ్గునూ, మా నాన్న తలగుడ్డనూ కూడా వదిలేది కాదు. ఆమె నవ్వితే పిల్ల పాలు తాగటం ఆపి మొహంలోకి చూసేది.

ఒకరోజు రెండు గుర్తులు చూసి డబ్బా మోగించాను. అందరూ పరిగెత్తారు, కప్పారు, కొట్టులో కూర్చున్నారు. మబ్బు పక్కగా సముద్రం మీదికి పోయింది. చుక్క పడలేదు. మళ్లీ తడికలన్నీ తీసి పనిలో దిగేసరికి పొద్దు వాలింది. మేస్త్రీ అందరిముందూ మా నాన్నతో, "నీ కూతురికి కొంగ ఎగిరినా వానే కనపడుద్దయ్యా" అన్నాడు. నాన్న తలగుడ్డ విప్పి చుట్టుకున్నాడు, నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఆడవాళ్లు పాక ముందు నుంచి పోతూ, "ఏమే శేషమ్మా, ఇయ్యాల ఎన్ని వానలు?" అన్నారు. అదీ పట్టించుకునేదాన్ని కాదు. కానీ అక్క, పిల్లను ఉయ్యాలలో వేస్తూ, వాళ్ల వైపు తిరిగి, "మా చెల్లికి చెయ్యి దురదపెడితే చాలు, డబ్బా మోగుద్ది" అని, నాలాగే కళ్లు పెద్దవి చేసి, పుల్ల పట్టుకున్నట్టు చెయ్యి ఆడించింది. గట్ల మీద అందరూ విరగబడి నవ్వారు. నేను చూసింది రెండు గుర్తులనీ, నాన్న చెప్పినట్టే చేశాననీ అక్కకు తెలుసు. తెలిసి కూడా నవ్వించింది. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది. పిల్ల నిద్రపోతోంది. పేలిక కర్రకు అంటుకుంది. చూశాను. కొంగలు లేచి తోపులోకి పోయాయి. చూశాను. పుల్ల చేతిలో ఉంది. దూరంగా చివరి మడిలో అక్క నడుము వంచి ఉప్పు లాగుతోంది. నవ్వావుగా, మూడోది కూడా రానీ, అప్పుడే కొడతాను, అనుకున్నాను. మూడోది వచ్చింది. డబ్బా కొట్టాను. గాలికి తడికలు చేతుల్లోంచి లేచిపోతున్నాయి. దగ్గర మడుల వాళ్లు ఎలాగో కప్పి కొట్టులో పడ్డారు. అక్క ఒక్కతే చివరి కుప్ప దగ్గర తడిక పట్టుకుని పెనుగులాడుతోంది. పిడుగు అక్కడ పడింది.

నాన్న ఒక్కసారే అడిగాడు, "ఎప్పుడు చూశావమ్మా?" అని. "మూడూ ఒక్కసారే వచ్చాయి నాన్నా" అన్నాను. ఆయన తలగుడ్డ కూడా ముట్టుకోలేదు. మర్నాడు వెళ్లి కర్రకున్న పేలిక విప్పేశాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. అమ్మ నమ్మింది. ఊరు నమ్మింది. కుమారి ఆ మాట మీదే పెరిగింది. చెప్పగా చెప్పగా నిజమేదో నాకే తెలియకుండా పోయింది. నేను ఆగిన మాట నిజం. ఎంతసేపు ఆగాను? ఒక్క రెప్పపాటా? ఆగకపోయినా అంతే జరిగేదా? ఈ ప్రశ్న దగ్గరికి నేను ఎప్పుడూ పోలేదు. వాన మబ్బు కనిపిస్తే లోపలికి వచ్చి తలుపేసుకునేదాన్ని. అలా ఇంతకాలం గడిపాను. ఇప్పుడు ఈ పిల్ల కాగితం మీద బాణాలు వేసి, టైమ్ ఉంటుంది అమ్మమ్మా అంది.

రెండు రోజుల తర్వాత అందరూ పనికీ బడికీ వెళ్లిపోయాక నేను బయల్దేరాను. శ్రావ్య నా ఫోన్‌లో వాన పటం పెట్టింది. బట్టలారేసే మిషను ఉన్నా నేను వాడనివ్వను, బాల్కనీలో తీగ మీదే ఆరేస్తాను, తడవకుండా తీసుకోవడానికి అది. ఆ ఉదయం పటంలో పడమటి నుంచి పెద్ద వానకు గుర్తైన ఎర్రటి మచ్చ ఒకటి వస్తోంది. రెండు చపాతీలు, నీళ్ల సీసా, శాలువా పెట్టుకున్నాను. గొడుగు పెట్టుకోలేదు, ఉరిమే వానలో చేతిలో ఇనుము ఉండకూడదని నాన్న చెప్పాడు. అల్లుడు నాకు నెల టికెట్ కొని ఇచ్చాడు. కొన్నదాన్ని సంచిలో పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం నాకెలాగూ గిట్టదు. ట్రాములో పెద్ద స్టేషన్‌కు పోయి, ఉత్తరంగా పోయే ఎస్-బాన్ రైలు ఎక్కాను. మబ్బుకు భయపడి తలుపేసుకునే మనిషిని, మబ్బును వెతుక్కుంటూ పోతున్నాను.

ఊరు దాటగానే నేల చదునుగా పరుచుకుంది. ఎక్కడా దిబ్బ లేదు, గుట్ట లేదు. గోధుమ చేలు పచ్చగా లేకుండా, పూర్తిగా పండకుండా ఉన్నాయి. వాటి మధ్య తెల్లటి గాలిమరలు. ఆకాశం ఇంతగా కనిపించే చోటు నేను మా కొటారు తర్వాత చూడలేదు. డెలిచ్ అనే ఊళ్లో దిగి చేల దాకా నడిచాను. మబ్బు నల్లగా లేచింది. కాస్త సేపటికి అది కుడివైపు జరిగిపోయింది. నాలుగు చుక్కలు నా మొహాన వేసి పోయింది. ఫోన్ చూస్తే ఆ ఎర్ర మచ్చ తూర్పుకు పోతోంది, దాని వెనక పడమటి నుంచి ఇంకోటి వస్తోంది. వెనక్కి స్టేషన్‌కు వచ్చి ఐలెన్‌బుర్గ్ వైపు పోయే బండి కోసం చాలాసేపు కూర్చున్నాను. బెంచీ మీద కూర్చుని చపాతీలు తిన్నాను. ఇంటికి పోతే ఇంకో ఊ అంటూ బతికేయొచ్చు అని ఒకసారి అనిపించింది. బండి వచ్చింది, ఎక్కాను.

ఐలెన్‌బుర్గ్ దాటాక, ఒక అద్దాల గూడు తప్ప ఏమీ లేని స్టాపులో దిగాను. ఆ రెండో మబ్బు నా వెనకే వచ్చింది. దాని అడుగున నల్లటి అంచు, అంచు కింద పాలిపోయిన వెలుగు. అక్క మీదికి వచ్చిన మబ్బే ఇది అనను. కానీ ఆ వెలుగు నాకు తెలుసు. చేల మధ్య బాట పట్టి నిలబడ్డాను. గాలిమరలు తిరుగుతున్నాయి. చూస్తుండగానే నెమ్మదించాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. గోధుమ వెన్ను కదలటం లేదు. మొదటి గుర్తు. తర్వాత కోసిన గడ్డిచేలో ఉన్న కాకులన్నీ లేచి దూరంగా ఉన్న చెట్ల వరసలోకి పోయాయి. రెండో గుర్తు.

మూడో గుర్తు ఎన్ని అడుగులకు వస్తుందో చూడాలని నడవడం మొదలుపెట్టాను. పెంకుల కొట్టు నుంచి చివరి మడికి మూడొందల అడుగులు. నాన్న కాలితో కొలిచి చెప్పిన లెక్క. నాకు గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టడం కంటే ఇదే తెలుస్తుంది. ఒకటి, రెండు, మూడు. ఉరుము గొణుగుతోంది. ఎక్కడా గాలి లేదు. నూరు అయింది. రెండొందలు అయింది. గాలి ఇప్పుడు వచ్చేస్తే బాగుండు అని నా మనసులో ఒక పక్క మొక్కుకుంటున్నాను. మూడొందలు. రాలేదు. లెక్క ఆపకుండా వెనక్కి తిరిగి నడిచాను.

అప్పుడొక కారు వచ్చి పక్కన ఆగింది. నడుపుతున్న ఆవిడకు నా వయసే ఉంటుంది. కత్తిరించిన తెల్లజుట్టు, కాళ్లకు బురద బూట్లు. అద్దం దించి ఆకాశంలోకి చూపించింది.

"గెవిటర్! గెవిటర్! కొమ్మెన్ జీ!"

గెవిటర్ అంటే ఉరుముల వాన అని, కొమ్మెన్ అంటే రమ్మని శ్రావ్య నేర్పింది. "తెలుసమ్మా, దాని కోసమే వచ్చా" అన్నాను తెలుగులో. నడక ఆపలేదు. నాలుగొందల పన్నెండు, పదమూడు.

ఆవిడ ఏదో గట్టిగా తిట్టింది. తిట్టేనని గొంతును బట్టి తెలిసింది. తలుపు తెరిచి సీటు మీద చేత్తో కొట్టింది. నేను అరచెయ్యి అడ్డం పెట్టి, కాస్త ఆగమన్నాను. నా పెదాలు కదలటం చూసింది. ఏమనుకుందో, తలుపు మూసి, నా నడకతో సమానంగా కారు నడిపించడం మొదలుపెట్టింది. నేను వెనక్కి తిరిగితే ఆవిడా కారును వెనక్కే నడిపించింది. మధ్యమధ్య తల ఊపుతూ గొణుక్కుంది, నా మీద కోప్పడుతూనే వదిలిపోలేదు. ఆరొందలు అయింది. ఇప్పటికి అక్క చివరి కుప్ప మీద తడిక కప్పి, మట్టిపెళ్లలు పెట్టేసి ఉండేది. ఏడొందలు. గట్ల మీద పెద్ద అంగలేసుకుంటూ వచ్చేది. ఎనిమిదొందలు. కొట్టులోకి వచ్చి, నా చెల్లి ఇయ్యాల మంచి పని చేసిందర్రా అని ఉండేది. అనకపోయినా, ఏదో ఒకటి అని నవ్వించేది.

తొమ్మిదొందల నలభై దగ్గర చేను ఒక్కసారి వంగింది. చల్లగాలి వచ్చి నా మొహాన కొట్టింది. గాలిమరలు మళ్లీ కదిలాయి. నేను కారెక్కి కూర్చున్నాను. తలుపు మూసిన వెంటనే వడగళ్లు పడ్డాయి. బాట క్షణంలో తెల్లబడింది. పిడుగు ఎక్కడో చెట్ల అవతల పడింది, ఆవిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. పిల్లల ముందు కూడా ఏడ్చే అలవాటు లేదు నాకు. ఆవిడ థర్మాస్‌లోంచి టీ పోసి నా చేతుల మధ్య పెట్టింది. నా ఫోన్ తీసుకుని, అందులో పైనున్న నంబరుకు చేసి ఏదో చెప్పింది. మా కొటారులో డబ్బా ఉప్పు కోసం మోగేది. ఇక్కడ ఒక పరాయి మనిషి, నేను ఎవరో తెలియకుండా, నన్ను తడవనివ్వకూడదని కారును నా కాళ్ల పక్కన నడిపించింది. ఇప్పుడు వాన సంగతి ఫోన్లే చెబుతాయి, చిన్నపిల్లను దిబ్బ మీద కూర్చోబెట్టే పని ఎవరికీ లేదు. మంచి కాలమే. మాకు రాలేదు.

కుమారి వచ్చేసరికి వాన వెలిసింది. కీటా అంటారు, ఆ చిన్నపిల్లల బడి వంటగదిలో పని చేస్తుంది, నెత్తిమీద ఆ టోపీ తీయకుండానే వచ్చింది. ఆ ఆవిడకు జర్మన్‌లో డాంకె, డాంకె అని పదిసార్లు థాంక్స్ చెప్పి, నన్ను కారులో కూర్చోబెట్టి, స్టాపు దాటేదాకా ఆగి అప్పుడు మొదలుపెట్టింది.

"ఎవరన్నా ఇట్టా చేస్తారా అమ్మా? కీటాలో పిల్లలకి సూప్ పోస్తన్నా. ఎవరో ఫోన్ చేసి మీ అమ్మ గెవిటర్‌లో పొలాల్లో తిరుగుతందంటే చేతిలో గరిటె పడేశా. మా అమ్మ ఎట్టా పోయిందో నీకు తెలియదా? నిన్ను కూడా అట్టానే పోగొట్టుకోవాలా నేను?"

"తొమ్మిదొందల నలభై అడుగులు ఉందే" అన్నాను.

"ఏంటవి?"

"గాలి పడిపోయి పిట్టలు లేచినాక, చల్లగాలి వచ్చిందాకా. టైమ్ ఉంది కుమారీ. శ్రావ్య చెప్పింది నిజమే. మూడూ ఒక్కసారి రాలా."

ఆమె చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టింది. గొంతు మెత్తబడింది. "అయితే ఏందమ్మా? ఆ మబ్బు వేరు, ఈ మబ్బు వేరు. అప్పుడు నీకు పన్నెండేళ్లు. చిన్నపిల్లవి, కనిపెట్టలేకపోయావ్. దీనికోసమా ఇంత దూరం వచ్చింది?"

ఆ మాట పట్టుకుని నేను ఊరుకోవచ్చు. ఆ చెయ్యి నా మోకాలి మీదే ఉండేది. ఇంటికి పోయి చారు కాచుకుని తాగేవాళ్లం. కానీ కుమారి నన్ను మళ్లీ నమ్మడానికి సిద్ధమైంది, ఆ నమ్మకాన్ని నేను ఇంకోసారి తీసుకోలేకపోయాను.

"కనిపెట్టాను. రెండూ చూశాను. పుల్ల చేతిలోనే ఉంది. మీ అమ్మ అంతకుముందు రోజు నన్ను అందరిలో వెక్కిరించింది, రోషానికి కొట్టలా."

కారు పక్కకు తీసి ఆపింది. రోడ్డు వారన వడగళ్లు ఇంకా కరగలేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ అడిగింది.

"నవ్విందనా?"

"ఊ."

"నేనెక్కడున్నా అప్పుడు?"

"నా పక్కనే. ఉయ్యాల్లో."

టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపటికి బండి కదిలించింది.

తర్వాత రోజుల్లో నాకు జరగవలసినవన్నీ జరిగాయి. పొద్దున్నే వేడినీళ్లు, కంట్లో చుక్కల మందు, పాలు. ఎక్కడా లోటు చేయలేదు. నేను పెంచిన పిల్ల, పని ఎగ్గొట్టడం నేర్పలేదు. కానీ ఏది ఇచ్చినా బల్ల మీద పెట్టి పోయేది, చేతికి ఇచ్చేది కాదు. పిలవాల్సి వస్తే శ్రావ్యతో చెప్పించేది. శ్రావ్య రెండుసార్లు, "మమ్మీకి ఏమైంది అమ్మమ్మా? వై ఈజ్ షీ లైక్ దిస్?" అని అడిగింది. నీ చదువు నువ్వు చూసుకో అన్నాను. ఆ పిల్ల తప్పేముంది, తనకు బళ్లో చెప్పింది చెప్పింది.

చెప్పకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. మా నాన్న అడిగినప్పుడు చెప్పి ఉంటే, నన్ను కొట్టేవాడో, చంపేవాడో, ఆ పిల్లను నాకు ఇచ్చేవాళ్లు కాదో. అక్క పోయింది కాబట్టే నాకు కూతురు దొరికింది. ఆ కూతురు ఎత్తుకున్నప్పుడల్లా నా మెడ చుట్టూ చేతులు వేసేది. అవన్నీ నేను అక్క నుంచి తీసుకున్నవే. అప్పట్లో నాకు ఆ లెక్క తెలియదు. ఇప్పుడు నా కాళ్లతో కొలిచి తెలుసుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. వంటింట్లో కంచాలు పెట్టిన చప్పుడైంది. కుమారి తనే తలుపు దాకా వచ్చి, గడప దగ్గర ఆగింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"పిన్నీ, అన్నం చల్లారిపోద్ది. రా."

లోపల శ్రావ్య తలెత్తి మా ఇద్దరి వంకా చూసింది. వరసకు అది సరైన పిలుపే. నేను బట్టలు అక్కడే కుర్చీ మీద పెట్టి, వెళ్లి కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తిన్నాను.